ఒక పొయ్యి, మూడు పూటలు – మన ఇళ్ళలో రాత్రి వంట గురించి

“కూటి కోసం కోటి విద్యలు” అన్నారు పెద్దలు. ఆ కోటి విద్యల్లో ఏదో ఒకటి నేర్చుకుందామనే మనమంతా ఈ వసతి గృహం గడప తొక్కాం. లెక్కలు నేర్చుకున్నాం, సైన్సు నేర్చుకున్నాం, ఇంగ్లీషులో లీవు లెటరు రాయడం నేర్చుకున్నాం. కానీ ఆ కూడు గురించి మాత్రం ఎన్నడూ ఒక పేజీ రాసింది లేదు. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు మాకూ మొదట తోచినవి పర్యావరణం, దేశాభివృద్ధిలో యువత పాత్ర వంటి విషయాలే. తర్వాత ఆలోచిస్తే, మన అమ్మలు రోజూ చేసే పని గురించి ఎవరూ రాయడం లేదు కదా, అది రాద్దామనిపించింది.

మేము హైస్కూల్లో ఉన్న రోజుల్లో ఇంటికి వెళ్ళి తిరిగి వచ్చిన ప్రతివాడినీ ఒక ప్రశ్న అడిగేవాళ్ళం. “రాత్రి మీ ఇంట్లో ఏం కూర?” జవాబు ఎప్పుడూ ఒకటే. “కోడికూర!” అందరూ అదే చెప్పేవారు. మేమూ అదే చెప్పాం. ఒకసారి మా మిత్రుడి తల్లి బాక్సులో అన్నం, వంకాయ ఎండు నెత్తళ్ళ కూర పెట్టి పంపింది. మూత తీయగానే ఇద్దరు ముగ్గురు ముక్కు మూసుకున్నారు. పది నిమిషాలు గడిచేసరికి ఆ ఇద్దరు ముగ్గురే బాక్సు అడుగు తుడిచి తిన్నారు. మా అందరి ఇళ్ళలోనూ అదే కూర వండుతారని ఆ రోజు బయటపడింది. మరి ఎందుకు దాచాం? తిన్న తిండి చెప్పుకోవడానికి మనకెందుకు సిగ్గు? ఆ సిగ్గు పోవాలంటే ముందు ఆ తిండి సంగతి తెలియాలి.

వారం రోజుల కంచం

చతుర్ముఖ బ్రహ్మ ఆలయంతో పేరుపడ్డ మన చేబ్రోలు గుంటూరు–పొన్నూరు రోడ్డు మీద ఉంది. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో కూలి పనులకు వెళ్ళే ఇళ్ళలో మామూలు రోజుల్లో రాత్రి భోజనం ఏమిటో మాకు తెలిసినంతలో చెబుతాం. మీ ఇంట్లో ఒకటి అటూ ఇటూ ఉండవచ్చు.

సోమవారం దోసకాయ పప్పో, టమాటా పప్పో ఉంటుంది. మంగళవారం వంకాయలో ఎండు చేపలు వేసిన కూర. బుధవారం కోడిగుడ్డు పులుసు. గుడ్లు మూడు ఉంటాయి, తినేవాళ్ళు ఐదుగురు ఉంటారు కాబట్టి ఉడికిన గుడ్డును దారంతో రెండుగా కోస్తారు. గురువారం గోంగూర పచ్చడి, ఉల్లిపాయ ముక్క. శుక్రవారం పప్పుచారు, బంగాళాదుంప వేపుడు. శనివారానికి చేతిలో డబ్బులు అయిపోతాయి. ఆ రోజు రోట్లో నూరిన పచ్చిమిరపకాయ టమాటా పచ్చడి, లేదంటే ఉల్లికారం. ఆదివారం కోడో, చేపో, పెద్దకూరో వండితే వీధంతా తెలుస్తుంది. మనం హాస్టలుకు తిరిగి వచ్చి చెప్పేది ఈ ఒక్క రోజు సంగతే. మిగతా ఆరు రాత్రుల గురించి ఎవరం చెప్పం.

ఈ ఏడు రోజుల్లో అన్నం ఏడు రోజులూ ఉంది. పప్పు రెండు రోజులు, అందులో ఒకటి నీళ్ళ చారు. గుడ్డు ఒక రోజు, అదీ సగం. పులుపు, కారం మాత్రం దాదాపు ప్రతిరోజూ ఉన్నాయి. ఇలా ఎందుకుంది? మన అమ్మలకు వంట రాకనా? కాదు. దానికి వేరే కారణాలు ఉన్నాయి.

అసలు వంట రాత్రే ఎందుకు?

పొద్దున్నే ముఠా ఆటో వచ్చి వీధి చివర నిలబడుతుంది. నాట్లు, కలుపు తీతలు, వరి కోతలు, మినప పీకుళ్ళు, ఆ తర్వాత మిరపకాయ కోతలు. ఏ పనికైనా పొద్దున వండి తిని వెళ్ళే తీరిక ఉండదు. సాయంత్రం పొద్దుగూకే వేళకు ఇంటికి చేరి, కాళ్ళు కడుక్కుని, పొయ్యి వెలిగిస్తారు. అంటే మన ఇళ్ళలో రాత్రి వంట ఆ ఒక్క పూట కోసం కాదు. అదే అన్నం రాత్రికి వేడిగా, పొద్దున చద్దన్నంగా, చాలా రోజులు మధ్యాహ్నం చేలో తినే క్యారేజీగా కూడా పనికిరావాలి. ఒకసారి ఎసరు పెడితే మూడు పూటలు గడవాలి.

కూర ఏది వండాలో నిర్ణయించేది కూడా ఈ లెక్కే. రాత్రి వండిన కూర మర్నాడు మధ్యాహ్నం ఎండలో మూత తీసేసరికి పాడవకుండా ఉండాలి. పప్పు తొందరగా పులిసిపోతుంది. చింతపండు పులుసు, గోంగూర, ఉప్పూ కారం దట్టించిన పచ్చడి నిలుస్తాయి. పులుపులోని ఆమ్లం, ఉప్పు సూక్ష్మజీవుల పెరుగుదలను తగ్గిస్తాయని మనం సైన్సులో చదువుకున్నాం. మన అమ్మలు చదువుకోకుండానే పాటిస్తున్నారు. “వీళ్ళు కారం ఎక్కువ తింటారు” అని ఎవరైనా తేలిగ్గా అంటే వాళ్ళకు చెప్పవలసిన జవాబు ఇదే. ఫ్రిజ్ లేని ఇంట్లో చింతపండే ఫ్రిజ్.

రెండో కారణం వంటచెరకు. కట్టెల పొయ్యి మీద కందిపప్పు మెత్తబడాలంటే ఎంత సేపు పడుతుందో ఊదుగొట్టం పట్టినవారికి తెలుసు. పగలంతా వంగి పనిచేసి వచ్చిన మనిషి అంత సేపు పొగలో కూర్చోలేదు. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం కింద పేద మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇవ్వడం మొదలైంది. 2016లో ఉజ్జ్వల పథకం వచ్చింది. 2024 దీపావళి నుంచి దీపం–2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తున్నారు. గ్యాసు, కుక్కరు వచ్చాక పప్పు వండటం తేలికైన మాట నిజం. అయినా సిలిండరు ఎక్కువ రోజులు రావాలని అన్నం బయట కట్టెల పొయ్యి మీదే వండే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి.

మూడో కారణం ధర. 2015లో కందిపప్పు కిలో రెండు వందల రూపాయల దాకా పోయింది. అప్పుడు పప్పు చారు అయింది, చారు నీళ్ళయింది. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. మన డెల్టాలో వరి కోయగానే ఆ తేమ మీదే మినుము వేస్తారు. ఆ మినుము పీకేది మన అమ్మలే. పూర్వం కూలి గింజల్లో ఇచ్చేవారు కాబట్టి నాలుగు మినుములో, నాలుగు శేర్ల వడ్లో ఇంటికి వచ్చేవి. కోసిన చేలో పరిగె ఏరుకుంటే మరికొన్ని గింజలు దొరికేవి. ఇప్పుడు కూలి డబ్బుల్లో వస్తుంది. వరికోత మిషన్లు వచ్చాక పరిగె ఏరుకునేందుకు కంకులు మిగలడం తగ్గింది. పండించిన చేతులే కిరాణా కొట్టులో పావుకిలో పప్పు కొంటున్నాయి.

తెల్ల అన్నం కథ

మన అమ్మమ్మలు చెప్పేవారు, వాళ్ళ చిన్నతనంలో వరన్నం పండగకే, మామూలు రోజుల్లో జొన్న సంకటీ, జొన్నన్నమేనని. ఈ ప్రాంతంలో వరి పెరగడానికి కారణం కృష్ణ కాలువలు. బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. పండించేవారికి వరి దక్కినా కూలివారి కంచంలోకి వరన్నం రోజూ రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం ఆ మార్పు తెచ్చింది. 2023 జనవరి నుంచి ఆహార భద్రతా చట్టం కింద ఉన్న కార్డులకు మనిషికి నెలకు ఐదు కిలోల చొప్పున బియ్యం ఉచితంగా ఇస్తున్నారు. ఆకలి తగ్గింది. దాన్ని ఎవరూ కాదనలేరు. కానీ కంచంలో అన్నం పెరిగినంతగా కూర పెరగలేదు.

మన బాపట్లలోనే తయారైన బి.పి.టి. 5204 వరి రకం, అదే సాంబ మసూరి, 1986లో విడుదలై దేశమంతా పేరు తెచ్చుకుంది. సన్నగా, మల్లెపువ్వులా ఉండే అన్నం మీద అందరికీ మోజు. అయితే బియ్యం ఎంత తెల్లగా పాలిష్ పడితే అంత తవుడు పోతుంది. తవుడుతో పాటు బి–1 విటమిన్, పీచు పోతాయి.

దీని వెనుక మనందరం తెలుసుకోవలసిన చరిత్ర ఉంది. పూర్వం మన కోస్తా జిల్లాల్లో బెరిబెరి అనే జబ్బు ఎక్కువగా ఉండేది. కాళ్ళు తిమ్మిరెక్కి, నీరు పట్టి, గుండె బలహీనపడే జబ్బు అది. పక్కన తమిళ ప్రాంతంలో అంతగా లేదు. కారణం వెదికితే బియ్యం దగ్గర తేలింది. అక్కడివారు వడ్లను ఉడకబెట్టి ఎండబోసి ఆడించిన ఉప్పుడు బియ్యం తినేవారు. ఉడికేటప్పుడు పై పొరలోని విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. మనవాళ్ళు మిల్లులో ఆడించిన పచ్చి బియ్యం తినేవారు. ఈ బెరిబెరి పరిశోధన కోసమే మెక్‌కారిసన్ అనే డాక్టరు 1918లో కూనూరులో ఒక చిన్న ప్రయోగశాల మొదలుపెట్టారు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఇప్పుడు దాన్నే జాతీయ పోషకాహార సంస్థ అంటున్నాం.

ఆ సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో ఒక మాట చెప్పింది. రోజు మొత్తంలో మనకు వచ్చే శక్తిలో ధాన్యాల నుంచి వచ్చేది 45 శాతానికి మించకూడదు. పప్పులు, మాంసం వంటి వాటి నుంచి 15 శాతం దాకా రావాలి. ఇందాక చెప్పుకున్న వారం రోజుల కంచాన్ని ఈ లెక్కతో పోల్చుకుంటే మనకు కావలసింది ఇంకో గరిటె అన్నం కాదని, ఇంకో గరిటె పప్పు అని తెలుస్తుంది.

పప్పన్నం ఎందుకు మంచిది?

మాంసకృత్తులు కొన్ని చిన్న ముక్కలతో తయారవుతాయి. వాటిలో లైసిన్ అనేది బియ్యంలో తక్కువ, పప్పులో ఎక్కువ. మిథియోనిన్ అనేది పప్పులో తక్కువ, బియ్యంలో ఉంటుంది. రెండూ కలిపి తింటే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. 30 గ్రాముల పచ్చి కందిపప్పులో కూడా దాదాపు అంతే ఉంటాయి. అంటే ఐదుగురున్న ఇంట్లో గుడ్లు లేని రోజు 150 గ్రాముల పప్పు వండితే మనిషికి ఒక గుడ్డంత బలం అందినట్టే.

ఎండు చేపలను చూసి ముక్కు మూసుకునేవారికి కూడా ఒక మాట. నిజాంపట్నం, బాపట్ల తీరం నుంచి సంతలకు వచ్చే ఎండు నెత్తళ్ళలో మాంసకృత్తులు సమృద్ధిగా ఉంటాయి. ముల్లుతో సహా తింటాం కాబట్టి కాల్షియం కూడా వస్తుంది. ఉప్పు ఎక్కువ గనుక రెండుసార్లు కడిగి వండాలి, కూరలో ఉప్పు తగ్గించాలి. అంతే.

చద్దన్నం సంగతి

“పెద్దల మాట చద్దన్నం మూట” అని సామెత. మిగిలిన అన్నంలో నీళ్ళో మజ్జిగో పోసి రాత్రంతా ఉంచితే, పాలను పెరుగు చేసే జాతి బాక్టీరియానే ఇక్కడ కూడా పని చేసి అన్నాన్ని కొద్దిగా పులియబెడుతుంది. పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తింటే ఎండలో పనిచేసేవాడికి నీరూ, ఉప్పూ, శక్తీ ఒకేసారి అందుతాయి. అయితే అన్నం వార్చి గంటలకొద్దీ అలాగే వదిలేయకూడదు. చల్లారగానే నీళ్ళు పోసి మూత పెట్టాలి. వేసవిలో వాసన మారితే మొహమాటం లేకుండా పారేయాలి.

కర్రీ పాయింటు, చపాతీ

చదువు కోసం గుంటూరులో రూము తీసుకున్న మన పూర్వ విద్యార్థులకు ఇంకో రకం రాత్రి భోజనం తెలుసు. రూములో కరెంటు కుక్కరులో అన్నం పెట్టడం, సందు చివర కర్రీ పాయింటుకు వెళ్ళి ఒక కూర, ఒక సాంబారు పొట్లం తెచ్చి నలుగురూ పంచుకోవడం. ఉద్యోగాలు చేసే భార్యాభర్తలు కూడా అక్కడే క్యూలో నిలబడతారు. సులువే, కానీ నూనె ఎక్కువ, కూరగాయ తక్కువ. వేడి సాంబారు పల్చటి ప్లాస్టిక్ కవరులో పోయించుకోవడం ఆరోగ్యానికి మంచిది కాదు. స్టీలు గిన్నె తీసుకువెళ్ళడానికి సిగ్గుపడవద్దు. ఆ పాయింటు వెనుక కూరలు తరిగేవారిలో మన అమ్మల వంటివారే చాలామంది ఉంటారని కూడా గుర్తుంచుకోండి.

షుగరు వచ్చిన ఇళ్ళలో రాత్రి అన్నం మానేసి చపాతీ తింటున్నారు. చపాతీ మందు కాదు. గోధుమ పిండిలోనూ ఎక్కువ భాగం పిండిపదార్థమే. పీచు కొంత ఎక్కువ. అసలు లాభం ఎక్కడ ఉందంటే, చపాతీలను లెక్కపెట్టి తింటాం, అన్నాన్ని లెక్కపెట్టం. రెండు గరిటెలని ముందే అనుకుని పెట్టుకుంటే, పక్కన కూర ఎక్కువ ఉంటే, అన్నంతోనూ చాలా వరకు అదే లాభం వస్తుంది.

చివరి కంచం

ఇప్పటిదాకా ఏం వండుతారో చెప్పుకున్నాం. ఎవరు తింటారో చెప్పుకోలేదు.

మా ఇంట్లో డిగ్రీ పట్టా పుచ్చుకున్న మొదటివాళ్ళం మేమే. పి.జి. మొదటి సంవత్సరంలో ఉండగా అమ్మ మిరప చేలో కళ్ళు తిరిగి పడిపోయిందని ఫోను వచ్చింది. ఆస్పత్రికి తీసుకువెళితే రక్తం ఏడున్నర గ్రాములే ఉందన్నారు. ఆడవారికి పన్నెండు ఉండాలి. నర్సమ్మ గారు అడిగారు, “రాత్రి ఏం తిన్నావమ్మా?” అమ్మ, “గుడ్డు పులుసండీ” అంది. అది నిజమే. ఆ రాత్రి గుడ్డు పులుసే వండింది. గుడ్లు నాన్నకూ, మాకూ, చెల్లికీ వచ్చాయి. అమ్మకు పులుసు వచ్చింది.

ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదు. 2019–21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవారిలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. దానికి కారణాలు చాలా ఉండవచ్చు. కానీ అందరూ తిన్నాక, గిన్నె అడుగున మిగిలింది తినడం కూడా ఒక కారణమే కదా.

మన హాస్టలు తిండి గురించి మనం ఎన్నో జోకులు వేసుకున్నాం. సాంబారులో ముక్క కోసం గాలించాం. కానీ ఒక్క సంగతి ఒప్పుకోవాలి. ఇక్కడ అందరం ఒకే వరుసలో కూర్చున్నాం. ఒకే గరిటెతో అందరికీ పడింది. తలకొక గుడ్డు, లెక్క ప్రకారం. ఏ కులం, ఏ ఊరు, పెద్దా చిన్నా అని చూడలేదు. గుడ్డు తక్కువైతే వార్డెన్ గారి దగ్గరకు వెళ్ళి అడిగేవాళ్ళం. ఇంట్లో అమ్మకు గుడ్డు తక్కువైతే అడిగేవారు లేరు.

అందుకే తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు నాలుగు పనులు చేయండి.

1. గుడ్డయినా, చేపయినా, కూరయినా వండగానే తలా ఇంత అని ముందే భాగాలు వేయండి. అమ్మ భాగం మొదట తీసి పెట్టండి.

2. బియ్యం పదిసార్లు కడగకండి, రెండుసార్లు చాలు. ఎసరు ఇగిరిపోయేలా వండండి. వారిస్తే గంజి పారబోయకండి, ఉప్పేసుకుని తాగండి, లేదా చారులో పోయండి.

3. వారానికి రెండు రోజులు ఆకుకూర పప్పు ఉండేలా చూడండి. తోటకూర, మునగాకు దొడ్లోనే దొరుకుతాయి. తినేటప్పుడు నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే అదే ఇనుము ఒంటబట్టదు.

4. సాయంత్రం అమ్మ ఆటో దిగేసరికి మీరు పొయ్యి వెలిగించండి. మగపిల్లలకు ఈ మాట రెండుసార్లు చెబుతున్నాం.

మా ఇంట్లో ఇప్పుడు ఐదుగురం ఉంటే ఐదు గుడ్లు ఉడుకుతాయి. డబ్బులు చాలని రోజు మూడే ఉడికినా కోసి ఐదు కంచాల్లోకీ పంచుతాం. మొదట్లో అమ్మ కూర్చునేది కాదు. “మీరు తినండయ్యా, నాకు ఆకలిగా లేదు” అనేది. మేమూ చేయి కడుక్కోకుండా కూర్చునేవాళ్ళం. ఇప్పుడు “మీ హాస్టలు రూళ్ళన్నీ నా ఇంట్లోకి తెచ్చార్రా” అని విసుక్కుంటుంది. విసుక్కుంటూనే వచ్చి కూర్చుంటుంది. మొన్న మళ్ళీ పరీక్ష చేయిస్తే పది దాటింది. మందులూ వాడింది, కంచమూ మారింది.

ఇంటి నుంచి తిరిగి వచ్చాక ఎవరైనా “రాత్రి మీ ఇంట్లో ఏం కూర?” అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అమ్మ కూడా తిన్నదని చెప్పగలిగితే మరీ మంచిది.

– ఒక పూర్వ విద్యార్థి, చేబ్రోలు